కడప బండలు కొనేవాళ్లు గూగుల్‌లో ఏమని వెతుకుతారు?

ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయన వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకున్నాడనుకుందాం. సైట్ చేసిపెట్టే కుర్రాడు "కీవర్డ్స్ ఏం పెడదాం అన్నా?" అని అడుగుతాడు. "నాపరాళ్లు, కడప నాపరాళ్లు, నాణ్యమైన నాపరాళ్లు" అని ఈయన చెప్తాడు, కుర్రాడు అవే రాసేస్తాడు, సైట్ తయారైపోతుంది. ఆర్నెల్లు గడిచినా ఆ సైట్ చూసి ఒక్క ఫోన్ కూడా రాదు. లోపం మాటల ఎంపిక దగ్గరే జరిగింది, ఆ మూడు మాటలూ అమ్మేవాడి నోట్లోవి. పుణెలో వంటింటి గట్టు వేయించుకునే మనిషి ఇదే రాయిని "కడప్పా" అంటాడు. ప్రొద్దుటూరులో వసారాకి పరిపించుకునేవాళ్లు "బండలు" అంటారు. బెంగళూరు ఆర్కిటెక్ట్ అయితే "కడప బ్లాక్ లైమ్‌స్టోన్" అని కొడతాడు. "నాణ్యమైన నాపరాళ్లు" అని వెతికేవాళ్లు దాదాపు ఉండరు, ఎందుకంటే నాసిరకం రాళ్లు కావాలని ఎవరూ వెతకరు, నాణ్యత అనేది కొనేవాడి మనసులో ఎలాగూ ఉంటుంది, వేళ్ల దాకా వచ్చేది మాత్రం ధర, మందం, సైజు, ఊరు.

కొనేవాడు ఏ అవసరంలో ఉండి ఏ మాట టైప్ చేస్తున్నాడో పట్టుకోవడమే కీవర్డ్ ఎంపిక. టూల్స్, అంకెలు, ర్యాంకులు ఇవన్నీ ఆ తర్వాతి సంగతి. చిన్న ఊళ్ల వ్యాపారాలకి, అందులోనూ సీమలో ఉండి బయటి రాష్ట్రాలకి సరుకు పంపేవాళ్లకి ఈ వరస తారుమారైతే డబ్బూ పోతుంది, టైమూ పోతుంది.

కీవర్డ్ అనగానే ఇప్పటికీ చాలామందికి పేజీ వెనకాల దాచిపెట్టే మాటల చిట్టా గుర్తొస్తుంది. ఒకప్పుడు అది నిజమే, మెటా కీవర్డ్స్ అనే ట్యాగ్‌లో మాటలు కూరితే సెర్చ్ ఇంజిన్లు చదివేవి. వెబ్ ర్యాంకింగ్‌లో ఆ ట్యాగ్‌ని అసలు లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పేసింది. అయినా అది నింపి, ఎస్‌ఈఓ (గూగుల్‌లో సైట్ పైకి వచ్చేలా చేసే పని) అయిపోయిందని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరైనా యాభై మాటల చిట్టా చేతికిచ్చి ఇదే ఎస్‌ఈఓ అంటే దానికి పైసా కూడా ఇవ్వనక్కర్లేదు.

2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అంటూ గూగుల్ తన వెతికే పద్ధతిలో ఒకదాని వెంట ఒకటి తెచ్చిన మార్పులన్నీ ఒకే దారిలో నడిచాయి. మాటకి మాట సరిపోయిందా అని చూడటం తగ్గింది, మొత్తం ప్రశ్న చదివి అడిగేవాడికి ఏం కావాలో పట్టుకోవడం పెరిగింది. అందుకే "కడప రాయి ధర", "కడప రాళ్ల ధరలు", "కడప స్టోన్ రేటు" అని మూడింటికీ మూడు పేజీలు కట్టడం వృథా, ఒక్క మంచి పేజీ చాలు. పైగా ఒకే సంగతి మీద మూడు పేజీలుంటే అవి ఒకదానికొకటి పోటీ పడి, ఏది చూపించాలో గూగుల్‌కే తేలక, మూడూ వెనకబడే ప్రమాదం ఉంది. అలాగని నాపరాయి, బండ, కడప్పా అన్నీ ఒకటేనని గూగుల్‌కి తెలిసిపోతుందిలే అని ఊరుకోకూడదు. ఇంగ్లిష్‌లో ఉన్నంత రాత మన ప్రాంతపు మాటల మీద వెబ్‌లో లేదు, కాబట్టి ఆ మాటల మధ్య సంబంధాన్ని పేజీలో మనమే రాసిపెట్టాలి. "ఇక్కడ నాపరాళ్లు అనే వీటిని మహారాష్ట్రలో కడప్పా అంటారు" అని ఒక్క వాక్యం రాస్తే చదివేవాడికీ ఉపయోగం, గూగుల్‌కీ ఉపయోగం.

ఒక ఊరి పేరు, మూడు స్పెల్లింగులు

కడప పేరునే తీసుకుంటే కీవర్డ్ పని ఎంత లోతుకి పోతుందో తెలుస్తుంది. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన ఇంగ్లిష్ స్పెల్లింగ్ సీతో మొదలై, మధ్యలో రెండు డీలతో, చివర హెచ్‌తో ఉండేది. 2005లో ప్రభుత్వం దాన్ని తీసేసి కేతో మొదలయ్యే ఇప్పటి స్పెల్లింగ్ పెట్టింది. ఊరి బోర్డులు మారాయి గానీ రాళ్ల వ్యాపారంలో పాత పేరు పోలేదు, ఎగుమతి కేటలాగుల్లో ఇప్పటికీ పాత స్పెల్లింగ్ కనిపిస్తుంది. మహారాష్ట్ర వైపు పీని ఒత్తి పలికి, రెండు పీలతో రాస్తారు, అక్కడ అది ఒక ఊరి పేరని కూడా తెలియకుండా రాయి పేరుగానే వాడేవాళ్లు బోలెడంత మంది. ఇంకోవైపు పాత స్పెల్లింగ్‌తో వెతికేవాళ్లలో భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులూ ఉంటారు, ఎందుకంటే పరిశోధన పత్రాల్లో "కడప బేసిన్" అనే పేరు ఆ స్పెల్లింగ్‌లోనే స్థిరపడిపోయింది. ఆ విద్యార్థి రాళ్ల సైట్‌లోకి వచ్చినా రెండు సెకన్లలో వెళ్లిపోతాడు. ఊరి పేరు ఒక్కటే కీవర్డ్‌గా పనికిరాదని అందుకే అనేది, పక్కన "స్లాబ్", "కిచెన్", "మెట్లు", "ధర" లాంటి మాట ఏదో ఒకటి చేరితే తప్ప వెతికేవాడు ఎవరో తేలదు.

ఇదే చిక్కు జిల్లాల పేర్లలోనూ ఉంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక బేతంచెర్ల, బనగానపల్లె, బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి వచ్చాయి, ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. బయటి ఊళ్ల జనం చాలామంది ఇంకా "కర్నూలు బెలుం గుహలు", "అనంతపురం లేపాక్షి" అనే వెతుకుతారు, అది వాళ్ల తప్పేం కాదు, ఏళ్ల తరబడి అలవాటైన మాట. పేజీలో ఇప్పటి జిల్లా పేరు రాసి, "ఇదివరకు కర్నూలు జిల్లాలో ఉండేది" అని ఒక ముక్క కలిపితే రెండు రకాల వాళ్లకీ దారి దొరుకుతుంది. అనంతపురాన్ని హెచ్‌తో, హెచ్ లేకుండా, చివర ముతో రాసేవాళ్లున్నారు గానీ ఈ చిన్న తేడాల గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు, మామూలు స్పెల్లింగ్ తేడాల్ని గూగుల్ తనే సర్దుకుంటుంది.

వెతికేవాడికి ఏం కావాలి

ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2002లో వెబ్ వెతుకులాటల్ని మూడు రకాలుగా విడగొట్టాడు. ఏదో తెలుసుకోడానికి వెతికేది ఒకటి, ఫలానా చోటికే చేరడానికి వెతికేది ఇంకోటి, ఒక పని పూర్తి చేసుకోడానికి వెతికేది మూడోది. ఇరవై ఏళ్లు దాటినా ఈ విభజన ఇప్పటికీ పనికొస్తుంది, గండికోట మీద పెట్టి చూస్తే వెంటనే అర్థమవుతుంది. "గండికోట చరిత్ర" అని కొట్టేవాడు తెలుసుకోవాలనుకుంటున్నాడు. "హరిత హోటల్ గండికోట" అని కొట్టేవాడికి పర్యాటక శాఖ హోటలే కావాలి, వాడికి వేరే లాడ్జి చూపించినా వినడు. "గండికోట టెంట్ బుకింగ్" అని కొట్టేవాడి చేతిలో డబ్బు రెడీగా ఉంది.

జమ్మలమడుగులో రెండు గదుల హోమ్‌స్టే నడిపేవాళ్లు ఈ మూడింట్లో దేని వెంట పడాలి? చాలామంది మొదటిదాని వెంట పడతారు, ఎందుకంటే వెతుకులాటల్ని లెక్కగట్టే టూల్‌లో దాని అంకె పెద్దగా కనిపిస్తుంది. కోట ఎవరు కట్టారు, మాధవరాయ ఆలయం ఎప్పటిది, జామియా మసీదు ఎవరిది అని పేజీలు నింపుతారు. ఆ ప్రశ్నలకి వికీపీడియా ముందే ఉంది. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ తన ఏఐ ఇచ్చే సారాంశాన్ని ఫలితాల పైన చూపించడం మొదలుపెట్టింది, "గండికోట ఏ జిల్లాలో ఉంది" లాంటి ఒక్క ముక్క ప్రశ్నకి జవాబు అక్కడే దొరికిపోతే కింద ఉన్న సైట్ మీద నొక్కే అవసరమే ఉండదు. మూడోదైన "టెంట్ బుకింగ్" దగ్గర పెద్ద బుకింగ్ సైట్లు ప్రకటనలకి డబ్బు పోసి కూర్చుంటాయి, రెండు గదుల వాడు వాటితో పోటీ పడలేడు.

అసలు సందు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. "బెంగళూరు నుంచి గండికోట రెండు రోజుల ప్లాన్", "గండికోటలో రాత్రి ఉండొచ్చా", "పిల్లలతో గండికోట వెళ్లొచ్చా", "గండికోట నుంచి బెలుం గుహలకి ఎలా పోవాలి". ఇవి అడిగే మనిషి వెళ్లాలని దాదాపు నిర్ణయించుకున్నాడు, ఎక్కడ దిగాలో ఇంకా తేల్చుకోలేదు. వీటికి జవాబు ఆ ఊరి మనిషి చెప్పినంత బాగా ముంబైలో కూర్చుని రాసేవాడు చెప్పలేడు. కారు ఎక్కడిదాకా పోతుంది, అక్కడి నుంచి పెన్నా లోయ అంచుకి ఎంతసేపు నడవాలి, అంచు దగ్గర పిల్లల చెయ్యి ఎక్కడ పట్టుకోవాలి, ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద నిలబడటం ఎందుకు కుదరదు, సూర్యోదయం చూడాలంటే ఎన్నింటికి బయల్దేరాలి. ఇవి రాసిన పేజీ చదివినవాడు అదే పేజీలో ఫోన్ నంబర్ కనిపిస్తే గది కోసం అడుగుతాడు. పెద్ద అంకె ఉన్న కీవర్డ్‌కి పదో స్థానంలో ఉండటం కన్నా చిన్న అంకె ఉన్న ఇలాంటి ప్రశ్నకి మొదటి స్థానంలో ఉండటం చిన్న వ్యాపారానికి వెయ్యి రెట్లు మేలు.

జనం వచ్చినా కొనేవాళ్లు రాని కీవర్డ్‌లూ ఉంటాయి, వాటికి కర్నూలు జిల్లాలో మంచి ఉదాహరణ వజ్రాలు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో వజ్రాల కోసం జనం దిగుతారు, పేపర్లలో, టీవీల్లో వార్తలు వస్తాయి, దాంతో గూగుల్‌లో కూడా ఆ మాటల మీద వెతుకులాట లేస్తుంది. కర్నూలులో నగల షాపు ఉన్నవాళ్లు "జొన్నగిరి వజ్రాలు" మీద పేజీ పెడితే ఆ పది పదిహేను రోజులు జనం రావచ్చు. వాళ్లంతా వార్త కోసం వచ్చినవాళ్లు, వజ్రం దొరికిందా, ఎంతకి అమ్ముడైంది అని చూసుకుని పోయేవాళ్లు, ఉంగరం కొనడానికి వచ్చినవాళ్లు కాదు. ఆ మాట వార్తా సైట్లకి సరైన కీవర్డ్, నగల షాపుకి కాదు.

అంకెలు ఏం చెప్తాయి, ఏం చెప్పవు

ఏ మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో చూపించే గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఉచితమే, చూడాల్సిందే. కాకపోతే అది ప్రకటనలు ఇచ్చేవాళ్ల కోసం తయారుచేసిన టూల్ అని మర్చిపోకూడదు. ప్రకటనలకి ఖర్చుపెట్టని ఖాతాలో నెలకి 100 నుంచి 1,000 అనీ, 1,000 నుంచి 10,000 అనీ వెడల్పాటి పరిధులే కనిపిస్తాయి. 110కీ 900కీ మధ్య తేడా తలుచుకుంటే ఆ అంకె మీద ఎంత ఆధారపడాలో తెలుస్తుంది. ఇక అందులో "కాంపిటిషన్" అనే కాలమ్ చూసి "ఇది లో అని ఉంది, ఈజీగా ర్యాంక్ అవుతుంది" అనుకునేవాళ్లు చాలామంది, అది ప్రకటనల వేలంపాటలో ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె మాత్రమే, మామూలు ఫలితాల్లో పైకి రావడానికీ దానికీ సంబంధం లేదు.

గూగుల్ ట్రెండ్స్ ఇంకో రకం. అందులో 0 నుంచి 100 దాకా కనిపించేది ఎంతమంది వెతికారన్న లెక్క కాదు, ఎక్కువగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపించే కొలత. ఏ నెలలో లేస్తుంది, ఏ రాష్ట్రంలో ఎక్కువ, రెండు మాటల్లో దేనికి పట్టు ఉంది అనేవి చూడటానికి ఇది బాగుంటుంది. బనగానపల్లె మామిడి అమ్మేవాళ్లు ఎండాకాలం మొదలయ్యాక పేజీ రాయడం మొదలుపెడితే, గూగుల్ దాన్ని చూసి నమ్మి పైకి తెచ్చేలోపు కాయలు అయిపోతాయి, ట్రెండ్స్‌లో గీత ఏ నెలలో లేవడం మొదలవుతుందో చూసి దానికి రెండు మూడు నెలల ముందే పేజీ పెట్టాలి.

ఇక టూల్ "సున్నా" అని చూపించిన మాటని కొట్టేయడం చిన్న వ్యాపారాలు చేసే అతి పెద్ద పొరపాటు. రోజూ జరిగే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎన్నడూ వెతకనివేనని గూగులే చాలాసార్లు చెప్పింది. అలాంటివి ఏ టూల్‌లోనూ ఉండవు. "నల్ల కడప రాయి 20 ఎంఎం మెట్లకి చదరపు అడుగు ఎంత" అని నెలకి ఇద్దరే అడగొచ్చు, టూల్ దాన్ని సున్నా అంటుంది. లారీ లోడు లెక్కన అమ్మేవాడికి ఆ ఇద్దరిలో ఒకడు కొన్నా ఆ పేజీ ఖర్చు వచ్చేసినట్టే.

మరి ఇలాంటి మాటలు ఎక్కడ దొరుకుతాయి? ముందు ఫోన్‌లో చూడాలి. ఫ్యాక్టరీకి వచ్చే వాట్సాప్ మెసేజ్‌లు, కౌంటర్ దగ్గర బేరం ఆడేటప్పుడు కస్టమర్ నోట వచ్చే ప్రశ్నలు, మేస్త్రీలు అడిగే సందేహాలు, వీటిని మించిన కీవర్డ్ టూల్ లేదు. రాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేవి చూడండి: వంటింటి గట్టుకి ఎంత మందం కావాలి, గ్రానైట్ కంటే ఎంత తక్కువ పడుతుంది, మెట్లకి వాడితే జారుతాయా, పాలిష్ ఎన్నాళ్లు ఉంటుంది, నలుపు పోయి తెల్లగా ఎందుకు అవుతోంది. ఈ ఆఖరి ప్రశ్న బంగారం లాంటిది. నాపరాయి సున్నపురాయి జాతి, అందుకే నిమ్మరసం, వెనిగర్, బాత్రూమ్ కడిగే యాసిడ్ పడితే పైపొర తిని తెల్ల మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. అమ్మేవాళ్లు ఈ సంగతి దాచిపెట్టాలనుకుంటారు. దాన్ని దాచకుండా "కడప రాయి మీద నిమ్మకాయ మచ్చలు" అని ఒక పేజీ పెట్టి, ఎందుకు పడతాయి, పడకుండా సీలర్ ఎలా వేయాలి, పడితే ఏం చేయాలి అని నిజాయితీగా రాసినవాడిని కొనేవాడు నమ్ముతాడు. అలాంటి పేజీ పెద్ద సైట్లు రాయవు కూడా, వాళ్లకి రాయి ముట్టుకున్న అనుభవం లేదు.

ఆ తర్వాత గూగుల్ సెర్చ్ పెట్టెలోనే చూడాలి. "కడప రాయి" అని కొట్టి ఆగితే కింద వచ్చే సూచనలు నిజంగా జనం వెతికిన వాటి నుంచి వచ్చేవే. ఆ మాట పక్కన ఒక ఖాళీ వదిలి వరసగా ఒక్కో అక్షరం కొడుతూ పోతే కొత్త సూచనలు వస్తాయి. ఫలితాల మధ్యలో "జనం ఇవి కూడా అడుగుతారు" అని కనిపించే ప్రశ్నలు ఇంకో ఊట. ఈ సూచనలు వెతికే చోటుని బట్టి, భాషని బట్టి మారతాయి, కాబట్టి పుణె కస్టమర్ కావాలంటే పుణెలో ఉన్న బంధువుతోనో స్నేహితుడితోనో ఒకసారి కొట్టించి స్క్రీన్‌షాట్ తెప్పించుకోవడం మంచిది.

పోటీ ఎంత ఉందో తెలుసుకోడానికి కూడా కళ్లే ముఖ్యం. ఎంచుకున్న మాట కొట్టి మొదటి పేజీలో ఎవరున్నారో చూడాలి. ఇండియామార్ట్, జస్ట్‌డయల్ లాంటివే పైనుంచి కింది దాకా నిండిపోతే ఆ మాట ఇప్పట్లో అందదు, ఇంకాస్త నిర్దిష్టమైన మాటకి దిగాలి. పాత ప్రశ్నోత్తరాలు, సగం సగం జవాబులు, సంబంధం లేని పేజీలు కనిపిస్తే అక్కడ చోటు ఖాళీగా ఉన్నట్టు. వీడియోలే ఎక్కువ వస్తే ఆ ప్రశ్నకి జనం కళ్లతో చూడాలనుకుంటున్నారని అర్థం, పాలిష్ మెషిన్ దగ్గర ఫోన్‌తో తీసిన రెండు నిమిషాల వీడియో పది పేరాల కంటే బాగా పనిచేస్తుంది. మ్యాప్, దాని కింద మూడు షాపుల పేర్లు వస్తే వెబ్‌సైట్ కంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో షాపు వివరాలు చూపించేది) సరిచేసుకోవాలి, అక్కడ గూగుల్ ముఖ్యంగా చూసేది వెతికిన దానికి షాపు సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అనే మూడింటినే.

చీనీయా, బత్తాయా?

మాటల్లో ప్రాంతపు తేడా ఎంత ముఖ్యమో అనంతపురం రైతుకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అనంతపురం, కడప వైపు చీనీ కాయలు అనేదాన్నే నల్గొండ వైపు బత్తాయి అంటారు, హైదరాబాద్ జ్యూస్ షాపుల్లో మొసంబి అంటారు. తోటకి వచ్చిన తెగులు గురించి రాసే పేజీ అనంతపురం రైతు కోసమైతే టైటిల్‌లో చీనీయే ఉండాలి, "చీనీలో మంగు నల్లి", "చీనీ చెట్టుకి బంక కారుతోంది" అని రైతు ఎలా అంటాడో అలాగే. అదే తోట కాయల్ని హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌గా అమ్మాలనుకుంటే టైటిల్‌లో చీనీ పెట్టడం సరుకుని గోదాములో దాచుకోవడమే, అక్కడ బత్తాయి అనో మొసంబి అనో ఉండాలి, లోపల "అనంతపురం చీనీ" అని చెప్పుకోవచ్చు, ఆ పేరుకున్న విలువ కూడా కలిసొస్తుంది. ఉగ్గాణి అమ్మే హోటల్ వాళ్లకీ ఇదే వర్తిస్తుంది, కర్నూలులో ఆ మాట చాలు, విజయవాడ నుంచి వచ్చేవాడికి మరమరాల ఉప్మా అంటే గానీ అది ఏంటో తెలియదు.

రైతులు రోజూ వెతికే "అనంతపురం మార్కెట్ చీనీ టన్ను ధర ఈరోజు" అనే మాట చూడటానికి ఆశ పుట్టిస్తుంది. ఆ మాటలోనే "ఈరోజు" ఉంది. నిన్నటి ధర ఉన్న పేజీ ఎవరికీ అక్కర్లేదు, గూగుల్ కూడా ఇలాంటి వాటికి తాజా పేజీలనే ముందుకి తెస్తుంది. రోజూ మార్కెట్ యార్డుకి పోయి ధర తెచ్చి పెట్టగలిగే మనిషి ఉంటేనే ఆ కీవర్డ్ ముట్టుకోవాలి. లేకపోతే తెగుళ్లు, నీటి తడులు, కొమ్మల కత్తిరింపు లాంటి ఏడాది పొడుగునా పనికొచ్చే సంగతుల మీద రాయడమే మేలు.

ఇంకో సంగతి, లిపి. తెలుగు జనం ఒకే మాటని తెలుగు అక్షరాల్లో కొడతారు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, అచ్చంగా ఇంగ్లిష్‌లోనూ కొడతారు, టైప్ చేయడం ఇష్టం లేనివాళ్లు మైక్ నొక్కి మాట్లాడేస్తారు. నోటితో అడిగేటప్పుడు ప్రశ్న పొడుగ్గా, మామూలు మాటల్లా వస్తుంది, "చీనీ చెట్టు ఆకులు పసుపుపచ్చగా అయితే ఏం మందు కొట్టాలి" అన్నట్టు. దీనికోసం ఒకే పేజీని మూడు లిపుల్లో మూడుసార్లు పెట్టడం అనవసరం. రైతు కోసం రాస్తే తెలుగు లిపిలో, వాళ్ల మాటలోనే రాయాలి. పుణె కాంట్రాక్టర్ కోసమైతే ఇంగ్లిష్‌లో రాయాలి, వీలైతే మరాఠీ తెలిసినవాళ్లతో ఒక పేజీ రాయించాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పడేసి తీసిన భాషని చదివేవాడు మొదటి వాక్యంలోనే పసిగడతాడు.

మాట దొరికాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది చిన్న పని. పేజీ టైటిల్‌లో, పైన పెద్ద శీర్షికలో, మొదటి పేరాలో సహజంగా ఒకసారి, ఫొటో కింద రాసే వాక్యంలో, ఫొటోలో ఏముందో గూగుల్‌కి చెప్పడానికి పేజీ వెనకాల రాసే ఆల్ట్ టెక్స్ట్‌లో ఉంటే చాలు. రాళ్లు, చీరలు లాంటివి కొనేవాళ్లు ఫొటో చూసే కొంటారు, అయినా ధర్మవరం పట్టుచీరల సైట్లలో కూడా ఫొటోల పేర్లు కెమెరా ఇచ్చిన అంకెలతోనే ఉండిపోతాయి, "ధర్మవరం పట్టుచీర, మెరూన్ రంగు, పెద్ద అంచు" అని రాస్తే ఆ ఫొటో కూడా వెతుకులాటలో దొరుకుతుంది. ఒకే మాటని ప్రతి వాక్యంలో దూర్చడాన్ని గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది, అది దాని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఊరి పేరు మాత్రం మార్చి అదే పేజీని "కర్నూలులో కడప బండలు", "నంద్యాలలో కడప బండలు", "ఆదోనిలో కడప బండలు" అని ఇరవై ఊళ్లకి కట్టడం కూడా ఆ నిబంధనల్లో తప్పే. ఆదోనికి నిజంగా సరుకు పంపి, అక్కడ వేసిన ఇళ్ల ఫొటోలు, రవాణా ఖర్చు రాస్తే అది వేరే సంగతి. బిజినెస్ ప్రొఫైల్‌లో షాపు పేరు చివర "కడపలో బెస్ట్ బండలు తక్కువ ధర" అని తగిలించడం ఇంకా ప్రమాదం, బోర్డు మీద ఉన్న అసలు పేరే ఉండాలన్నది అక్కడి రూలు, దాన్ని తప్పితే ప్రొఫైలే ఆగిపోవచ్చు.

పేజీ పెట్టాక రెండు మూడు నెలలు ఆగి, సైట్ ఉన్నవాళ్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్ తెరిచి చూడాలి. జనం ఏ మాట కొడితే మన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఏ స్థానంలో ఉంది అన్నవి 16 నెలల దాకా అందులో ఉంటాయి. మనం అనుకోని మాటలు అక్కడ తప్పకుండా కనిపిస్తాయి. మెట్ల కోసం రాసిన పేజీ "పూజ గదికి కడప రాయి" అనే మాటకి పదిహేనో స్థానంలో వస్తోందనుకోండి, పూజ గది గురించి అందులో ఒక్క ముక్క కూడా లేకపోయినా గూగుల్ దాన్ని చూపిస్తోందంటే అక్కడ సరైన పేజీలు తక్కువే ఉండొచ్చు, వెంటనే దానికి విడిగా ఒక పేజీ రాయాలి. ఎక్కువసార్లు కనిపించి తక్కువమంది నొక్కుతుంటే టైటిల్ మార్చి చూడాలి. ఎనిమిది నుంచి ఇరవై స్థానాల మధ్య ఉన్న మాటల మీద పెట్టిన శ్రమ కొత్త మాటల మీద పెట్టిన శ్రమ కన్నా త్వరగా ఫలితం ఇస్తుంది.

సెర్చ్ కన్సోల్ కూడా అన్నీ చూపించదు, చాలా కొద్దిమంది వెతికిన మాటల్ని జనం ప్రైవసీ కోసం అది దాచేస్తుంది. చిన్న వ్యాపారానికి కావాల్సిన మాటలు ఎక్కువగా ఆ దాచిన వాటిలోనే ఉంటాయి. అందుకని ఫోన్ చేసిన ప్రతి కొత్త కస్టమర్‌నీ, రేటు చెప్పేముందు, "గూగుల్‌లో ఏమని కొడితే మా నంబర్ వచ్చింది సార్?" అని అడిగి, అతను చెప్పిన మాటని చెప్పింది చెప్పినట్టుగా, స్పెల్లింగ్ కూడా అడిగి, ఆర్డర్ పుస్తకంలో పేరు పక్కనే రాసుకోవాలి.